పెద్దవాళ్ల గొంతుకు అడ్డం పడితే: ఒడిశా సరిహద్దు తెలుగు ఇళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

మాంసం ముక్క, చేపముల్లు, ఊడిన కట్టుడు పన్ను, రేకుతో సహా మింగేసిన మాత్ర. పెద్ద వయసువాళ్ల అన్నవాహికలో ఎక్కువగా ఇరుక్కునేవి ఇవే. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు మన ఇళ్లలో ఇలా జరిగినప్పుడు సమయం రెండు చోట్ల వృథా అవుతుంది. మొదట ఇంట్లో, అరటిపండూ అన్నం ముద్దలూ మింగించడంలో. తర్వాత దారిలో, ఎండోస్కోపీ (నోటి గుండా కెమెరా గొట్టం పంపి లోపల చూసే, ఇరుక్కున్నది తీసే పద్ధతి) లేని ఒక ఆసుపత్రి నుంచి ఎండోస్కోపీ లేని ఇంకో ఆసుపత్రికి తిరగడంలో. ఆ రెండు చోట్లా ఏం చెయ్యాలో వరసగా చెబుతాను.

ముందు ఒక చిన్న సంగతి. అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల పొడవున్న కండరాల గొట్టం. అది అంతటా ఒకే వెడల్పుతో ఉండదు. మెడ దగ్గర అది మొదలయ్యే చోట, ఛాతీలో గుండె నుంచి వచ్చే పెద్ద ధమని పక్కగా వెళ్లే చోట, పొట్టలోకి దిగే ముందు, ఈ మూడు చోట్లా ఇరుకు. మింగిన వస్తువు సాధారణంగా వీటిలో ఒక చోటే ఆగుతుంది. వయసు మీద పడ్డాక పళ్లు ఊడతాయి, లాలాజలం తగ్గుతుంది, ముద్దను కిందికి తోసే కండరాల పట్టు సడలుతుంది. పక్షవాతం వచ్చినవాళ్లకీ, పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బులున్నవాళ్లకీ ఇబ్బంది ఇంకా ఎక్కువ.

మొదటి మెట్టు: గాలిగొట్టమా, అన్నవాహికా?

ఏం చెయ్యాలన్నా ముందు ఇది తేలాలి. మనిషిని మాట్లాడించండి. "నాన్నా, ఏమైంది, చెప్పు" అని అడగండి. మాట బయటికి వస్తే గాలి ఆడుతున్నట్టే. మాట రాక, దగ్గు కూడా రాక, చేత్తో గొంతు పట్టుకుని, పెదాలు నీలంగా మారుతుంటే గాలిగొట్టం మూసుకుపోయింది. అప్పుడు చేతిలో ఉన్నవి నిమిషాలే.

మనిషిని కొద్దిగా ముందుకు వంచి, వీపు మీద రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి కింది గట్టి భాగంతో 5 సార్లు బలంగా కొట్టండి. అడ్డం రాకపోతే వెనక నిలబడి రెండు చేతులూ నడుం చుట్టూ వేసి, బొడ్డుకు పైన, రొమ్ము ఎముకకు కింద పిడికిలి పెట్టి, లోపలికీ పైకీ 5 సార్లు గట్టిగా లాగండి. అది ఊడి వచ్చేదాకా ఈ రెండూ మార్చి మార్చి చెయ్యాలి. పక్కనున్నవాళ్లు ఈలోగా 108కి ఫోన్ చెయ్యాలి. స్పృహ తప్పితే నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి సీపీఆర్ (ఛాతీ మధ్యలో నొక్కుతూ చేసే ప్రథమ చికిత్స) మొదలుపెట్టాలి. నోట్లో వస్తువు కంటికి కనిపిస్తేనే వేలితో తియ్యండి. కనపడకుండా వేలు పెడితే ఇంకా లోపలికి పోతుంది.

గట్టిగా దగ్గుతూ ఉంటే మాత్రం దగ్గనివ్వండి. అది పొలమారడం. ఆ దగ్గే దాన్ని బయటికి తోస్తుంది.

మాట్లాడగలుగుతున్నారు, ఊపిరి ఆడుతోంది, కానీ "ఇక్కడే ఆగిపోయింది, దిగట్లేదు" అంటున్నారంటే అది అన్నవాహిక. అలాంటప్పుడు పొట్ట నొక్కడం వల్ల లాభం లేదు, పెద్దవాళ్ల పక్కటెముకలకి దెబ్బ తగలొచ్చు. అయితే పెద్ద ముక్క అన్నవాహిక పైభాగంలో ఇరుక్కుంటే పక్కనున్న గాలిగొట్టాన్ని కూడా నొక్కుతుంది. ఊపిరిలో ఈల లాంటి శబ్దం వస్తున్నా, ఆయాసపడుతున్నా దీన్ని కూడా ప్రాణాపాయం కిందే లెక్కెయ్యండి.

ఇంకో మాట. ఛాతీలో పట్టేసినట్టు నొప్పి అంటే అది గుండెపోటు కూడా కావచ్చు. నొప్పి ముద్ద మింగుతుండగానే మొదలైందా, మింగబోతే పెరుగుతోందా అని అడగండి. ఆ సంబంధం స్పష్టంగా లేకపోతే, చెమటలు పడుతుంటే, ఎడమ చేతికి లాగుతుంటే, "గొంతులో ఏదో అడ్డం పడిందిలే" అని ఊరుకోకండి. దగ్గర్లో ఎక్కడ ఈసీజీ ఉంటే అక్కడ ముందు అది తీయించండి.

రెండో మెట్టు: ఉమ్మి దిగుతోందా?

ఎంత తొందరపడాలో చెప్పేది ఇదే. ఏ యంత్రమూ అక్కర్లేదు. కూర్చోబెట్టి రెండు నిమిషాలు గమనించండి. ఉమ్మి మింగుతున్నారా? గిన్నెలోకో తువ్వాల్లోకో ఊస్తూనే ఉన్నారా? నోటి పక్క నుంచి చొంగ కారుతోందా? మింగిన ఉమ్మి నురగలా తిరిగి వస్తోందా?

సొంత ఉమ్మి కూడా దిగకపోతే దారి పూర్తిగా మూసుకుపోయినట్టే. అప్పుడు నీళ్లు తాగించి చూడాల్సిన పనిలేదు, తాగించకూడదు కూడా. పైన నిలిచిన నీళ్లూ ఉమ్మీ పొంగి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. పెద్దవాళ్లలో అసలు అడ్డం కన్నా ఈ న్యుమోనియాయే ఎక్కువ ఇబ్బంది పెట్టిన సందర్భాలు ఉంటాయి.

యూరప్‌లోని గ్యాస్ట్రో ఎండోస్కోపీ వైద్యుల సంఘం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పూర్తి అడ్డం, మొన ఉన్న వస్తువు, బటన్ బ్యాటరీ (బిళ్ల బ్యాటరీ), ఈ మూడింట్లో ఏదైనా అన్నవాహికలో ఉంటే వీలైతే 2 గంటల్లో, ఎంత ఆలస్యమైనా 6 గంటల్లో తియ్యాలి. అన్నవాహికలో ఆగిన మిగతావాటికి 24 గంటల గడువు. రోజు దాటితే గోడ ఒరిసిపోవడం, చిల్లు పడటం లాంటి ప్రమాదాలు పెరుగుతాయి. "రాత్రి అయిపోయింది, పొద్దున్నే వెళ్దాం" అనే ముందు ఈ లెక్క గుర్తు చేసుకోండి. రాయగడ నుంచో గుణుపురం నుంచో ప్రయాణమే కొన్ని గంటలు తింటుంది.

ఎముక లేని మాంసం ముక్కో అన్నం ముద్దో అయి, ఉమ్మి దిగుతూ, నొప్పి పెద్దగా లేకపోతే కాసేపు నిటారుగా, ప్రశాంతంగా కూర్చోబెట్టి చూడొచ్చు. చాలాసార్లు దానంతటదే జారిపోతుంది. గంట గడిచినా మార్పు లేకపోతే బయల్దేరండి. ముల్లు, ఎముక, పన్ను, బ్యాటరీ, రేకు అయితే ఈ గంట కూడా వద్దు.

చెప్పుకోలేని పెద్దవాళ్ల సంగతి వేరు. మతిమరుపు ఉన్న మామ్మ "నేను పన్ను మింగాను" అని చెప్పదు. ఉన్నట్టుండి అన్నం వద్దంటుంది, పెట్టిన ముద్ద ఊసేస్తుంది, గొంతు తడిగా గరగరలాడుతుంది, కారణం లేకుండా జ్వరం వస్తుంది. ఇలా ఉన్నప్పుడు మొదట కట్టుడు పళ్లు నోట్లో ఉన్నాయో లేవో చూడండి. నోట్లో లేక, గ్లాసులో లేక, తలగడ కింద కూడా లేకపోతే, కాదని తేలేదాకా మింగేసిందనే అనుకోవాలి.

మూడో మెట్టు: ఏం మింగారో తేల్చుకోండి

డాక్టరు అడిగే మొదటి ప్రశ్న ఇదే. దీనికి సరైన జవాబుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. కంచంలో మిగిలిన ఎముకలు చూడండి, అదే కూరలో అలాంటి ముక్క ఇంకోటి ఉంటే కవర్లో వేసుకోండి. పళ్ల సెట్టు విరిగి సగమే మింగితే మిగిలిన సగం వెంట తీసుకెళ్లండి. ఎంత వెడల్పు, తీగ కొక్కేలు ఎటు ఉన్నాయి అన్నది ఆ సగాన్ని చూస్తేనే డాక్టరుకు అర్థమవుతుంది. మాత్రలైతే మొత్తం షీట్ పట్టుకెళ్లండి.

పళ్ల సెట్టు విషయంలో ఒక చిక్కుంది. కట్టుడు పళ్లకు వాడే గులాబీ రంగు ప్లాస్టిక్ చాలావరకు ఎక్స్‌రేలో కనపడదు. లోహపు కొక్కెం ఉంటే అదొక్కటే కనపడుతుంది. చేపముళ్లు కూడా చాలా ఎక్స్‌రేకి చిక్కవు. అందుకే ఎక్స్‌రే చూసి "ఏమీ లేదు" అన్నా, ఉమ్మి దిగకపోతే, మింగితే గుచ్చుకుంటే, సీటీ స్కాన్ గురించి మీరే అడగండి. ముళ్లనూ ఎముకలనూ పట్టుకోవడంలో సీటీ ఎంతో మెరుగు.

వినికిడి యంత్రంలో వేసే బిళ్ల బ్యాటరీ, బీపీ మాత్ర పక్కపక్కన పెడితే చూపు మందగించినవాళ్లకి తేడా తెలియదు. బ్యాటరీ మింగిన అనుమానం ఉంటే ఎక్కడైనా సరే వెంటనే ఎక్స్‌రే తీయించండి. అది అన్నవాహికలో ఆగితే 2 గంటల్లోనే లోపలి పొరను కాల్చేస్తుంది. పొట్టలోకి దిగిపోయి ఉంటే అంత తొందర ఉండదు, ఎప్పుడు మళ్లీ చూపించాలో డాక్టరు చెబుతారు.

నాలుగో మెట్టు: ఇంట్లో చెయ్యకూడనివి

ఇక్కడ కాస్త గట్టిగా చెప్పాలి. ఈ పనులు చేసేది మనల్ని ప్రేమించేవాళ్లే, అందుకే వద్దనడం కష్టం.

ముల్లు దిగాలని అన్నం ముద్దలు నమలకుండా మింగించడం మన దగ్గర అందరికీ తెలిసిన వైద్యం. అరటిపండు కూడా అంతే. పైన టాన్సిల్ దగ్గర గుచ్చుకున్న సన్న ముల్లు దీంతో ఎప్పుడైనా ఊడి ఉండొచ్చు, అందుకే ఆ నమ్మకం నిలిచింది. కానీ అన్నవాహికలో అడ్డంగా పడ్డ ఎముకను పై నుంచి ముద్దతో తోస్తే అది గోడలోకి ఇంకా లోతుగా దిగుతుంది. ముందే పూర్తిగా మూసుకుపోయి ఉంటే ఆ ముద్దలన్నీ పైన పేరుకుంటాయి. తర్వాత డాక్టరు ముందు వాటిని తీసి, ఆ తర్వాత అసలు వస్తువును తియ్యాలి.

వాంతి చేయించడం, గొంతులో వేళ్లు పెట్టడం, వెనిగర్, నిమ్మరసం, కూల్‌డ్రింక్ పట్టించడం, ఏదీ వద్దు. మాంసం మెత్తబడుతుందని బొప్పాయి పాలో, మాంసం మెత్తబరిచే పొడో ఇవ్వాలనే ఆలోచన కొందరికి వస్తుంది. అది మాంసాన్ని అరిగించినట్టే అన్నవాహిక గోడనూ అరిగిస్తుంది, చిల్లు పడుతుంది. ఇది అనుభవంలో తేలిన ప్రమాదం కాబట్టే డాక్టర్లు ఎప్పుడో మానేశారు.

సారా తాగి ఉన్న మనిషి విషయంలో ఇంకో జాగ్రత్త. మత్తులో నొప్పి తెలియదు, పొలమారినా దగ్గు సరిగా రాదు. పడుకోబెట్టి "నిద్రపోతే సర్దుకుంటుంది" అనుకోవద్దు.

ఐదో మెట్టు: బయల్దేరే లోపు

నిటారుగా కూర్చోబెట్టండి, కొద్దిగా ముందుకు వంగితే మంచిది. ఉమ్మి ఊయడానికి గిన్నె ఇవ్వండి. తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకండి. మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండటం ముఖ్యం. చివరిగా ఎప్పుడు, ఏం తిన్నారో కాగితం మీద రాయండి. నోట్లో ఊడొచ్చే పళ్ల సెట్టు ఉంటే తీసి కవర్లో పెట్టండి. సగం మింగి సగం నోట్లో ఉన్నప్పుడు ఇది మరీ ముఖ్యం.

షుగర్ ఉన్నవాళ్లను మర్చిపోవద్దు. పొద్దున మాత్రో ఇన్సులినో వేసుకుని ఉండి, తర్వాత ఏమీ తినలేకపోతే షుగర్ పడిపోతుంది. చెమట, వణుకు, మాట తడబడటం కనిపిస్తే గ్లూకోమీటర్‌తో చూడండి. పూర్తి అడ్డం ఉన్నప్పుడు నోటి ద్వారా చక్కెర నీళ్లు ఇవ్వలేరు, కాబట్టి దారిలో ఉన్న పీహెచ్‌సీలోనో అంబులెన్స్‌లోనో నరానికి గ్లూకోజ్ పెట్టించాలి.

మందుల చీటీలన్నీ వెంట ఉండాలి. ముఖ్యంగా గుండెకు స్టెంట్ వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్, కవాటం మార్చినవాళ్లు వాడే వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు ఉంటే ఎవరూ అడగకముందే చెప్పండి. మీ అంతట మీరు ఆ మందులు ఆపెయ్యకండి.

ఆరో మెట్టు: ఎక్కడికి వెళ్లాలి?

దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లడం తప్పు కాదు. ఆయాసం, తక్కువ షుగర్, రక్తపు వాంతి ఉంటే ముందు అక్కడికే వెళ్లాలి. కానీ పీహెచ్‌సీ, సీహెచ్‌సీల్లో ఎండోస్కోపీ ఉండదు. మనిషి నిలకడగా ఉంటే బయల్దేరే ముందే ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: "అన్నవాహికలో ఇరుక్కున్నది తీసే ఎండోస్కోపీ ఈ పూట చేస్తారా? మత్తు డాక్టరు అందుబాటులో ఉన్నారా?" "ఉంది, కానీ సోమవారం" అనే జవాబుకి అర్థం లేదు.

గంజాం, గజపతి జిల్లాలవాళ్లకు బరంపురంలోని ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. కోరాపుట్, జయపురం వైపువాళ్లకు కోరాపుట్‌లోని శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఉంది. పర్లాకిమిడి నుంచి పాతపట్నం దాటితే శ్రీకాకుళం ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్లొచ్చు. రాయగడ వాళ్లు చాలామంది పార్వతీపురం, విజయనగరం మీదుగా విశాఖపట్నానికే వెళ్తారు. అక్కడ కింగ్ జార్జ్ ఆసుపత్రితో పాటు గ్యాస్ట్రో విభాగాలున్న ప్రైవేటు ఆసుపత్రులు ఉన్నాయి. జయపురం నుంచి సాలూరు ఘాటీ దిగాలంటే వానాకాలంలో, రాత్రిపూట ఎంత పడుతుందో మీకే తెలుసు. ఆ లెక్క కూడా వేసుకోండి. ఎక్కడికి వెళ్లినా పైన చెప్పిన రెండు ప్రశ్నల జవాబును బట్టే వెళ్లండి, ఆసుపత్రి పేరును బట్టి కాదు.

108 రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. సరిహద్దు దాటించి తీసుకెళ్తారా, ఎక్కడి దాకా వస్తారు అన్నది ఎక్కే ముందే అడగండి. లేకపోతే హద్దు దగ్గర బండి మారాల్సి వస్తుంది.

కార్డుల సంగతి. ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది, రాష్ట్ర పథకమైన గోపబంధు జన ఆరోగ్య యోజన దానితో కలిసి నడుస్తోంది. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తారు. పథకంలో నమోదైన ఆసుపత్రిలోనే ఇవి చెల్లుతాయి కాబట్టి ఫోన్ చేసినప్పుడే అదీ అడగండి. ఆంధ్రాలోని ఎన్టీఆర్ వైద్య సేవ అక్కడి నివాసులకోసం. పర్లాకిమిడిలో రేషన్ కార్డు ఉన్న తాతకి అది పనికిరాదు. ఆధార్ మాత్రం ఎటు వెళ్లినా కావాలి.

ఆంధ్రా నుంచి వచ్చి కూతురింట్లోనో కొడుకింట్లోనో ఉంటున్న పెద్దవాళ్లకి ఒడియా రాకపోవచ్చు. ఒంటరిగా ఉన్నప్పుడు పక్కింటివాళ్లకో డ్యూటీ నర్సుకో చెప్పడానికి ఒక ముక్క నేర్పండి: "గళారే అటకి జాఇఛి". గొంతులో ఇరుక్కుపోయిందని అర్థం. చేపముల్లయితే "మాఛ కంటా" అంటే చాలు.

ఏడో మెట్టు: ఆసుపత్రిలో ఏం జరుగుతుంది?

మెడ, ఛాతీ ఎక్స్‌రేలు తీస్తారు, ముల్లో ఎముకో అనుమానం ఉంటే సీటీ. బేరియం తాగించి తీసే పాత పరీక్ష ఇలాంటి అడ్డానికి మంచిది కాదు. ఆ తెల్లటి మందు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ఎండోస్కోపీలో చూపును కూడా కప్పేస్తుంది. ఎవరైనా రాస్తే "నేరుగా ఎండోస్కోపీ చెయ్యలేరా?" అని మర్యాదగానే అడగొచ్చు.

ఎండోస్కోపీ గొట్టం చిటికెన వేలంత లావుంటుంది. మాంసం ముద్ద అయితే నెమ్మదిగా పొట్టలోకి తోస్తారు, లేదా వలలాంటి దానితో ముక్కలుగా బయటికి తీస్తారు. ఇంట్లో ముద్దలతో తోయడం తప్పయితే డాక్టరు ఎందుకు తోస్తారు అంటారేమో. వాళ్లు కింద దారి ఎలా ఉందో చూస్తూ, ఎముక లేదని నిర్ధారించుకుని, బలం పెట్టకుండా తోస్తారు. మొనలున్న వస్తువైతే గోడ గీసుకోకుండా గొట్టం చివర తొడుగు వేసి తీస్తారు. మెడ దగ్గరే ఇరుక్కున్నవాటిని చాలా చోట్ల ఈఎన్‌టీ డాక్టర్లు పూర్తి మత్తు ఇచ్చి, వంగని లోహపు గొట్టంతో తీస్తారు. రెండూ సరైన పద్ధతులే.

పెద్దవాళ్లకు ఊపిరితిత్తుల్లోకి ఉమ్మి పోకుండా ముందుగా గాలిగొట్టంలో ట్యూబ్ వెయ్యొచ్చు. "ఇంత చిన్న ముక్కకి వెంటిలేటర్ ఎందుకు?" అని బంధువులు గొడవ పడుతుంటారు. అది ఆ కాసేపటి రక్షణ కోసం, జబ్బు ముదిరిందని కాదు. సంతకం పెట్టే ముందు మూడు అడగండి: చిల్లు పడే ప్రమాదం ఎంత, పడితే ఇక్కడే ఆపరేషన్ చేస్తారా, వేరే చోటికి పంపుతారా. తీగ కొక్కేలున్న పళ్ల సెట్టు గోడలో దిగిపోయిన కేసుల్లో ఎప్పుడైనా ఆపరేషన్ అవసరం పడుతుంది. మింగిన వస్తువులన్నీ కలిపి చూస్తే ఆపరేషన్ దాకా వెళ్లేవి నూటికి ఒకటి ఉంటాయి, చాలావరకు వాటంతటవే బయటికి పోతాయి.

ఎనిమిదో మెట్టు: ఇంటికొచ్చాక

తీసేశారు కదా అని ఆ సాయంత్రమే పులుసన్నం పెట్టకండి. ఎప్పుడు నీళ్లు, ఎప్పుడు జావ, ఎప్పుడు మెత్తటి అన్నం అన్నది డాక్టరు చెప్పిన వరసలోనే. రాగి అంబలి ఇలాంటప్పుడు బాగా పనికొస్తుంది. గొంతు కొంచెం నొప్పిగా ఉండటం మామూలే.

మామూలు కానివి ఇవి: ఛాతీలోనో వీపులోనో పెరుగుతున్న నొప్పి, జ్వరం, ఆయాసం, మెడ వాపు, మెడ చర్మం నొక్కితే కరకరలాడటం, నల్లటి విరేచనం. ఇవి కనిపిస్తే చిల్లు పడిందేమో, రక్తం కారుతోందేమో చూడాలి, అదే రోజు వెనక్కి వెళ్లండి.

చేపముల్లో ఎముకో గుచ్చుకున్న తర్వాత కొన్ని రోజులకు, ఛాతీ నొప్పి ఉంటూ, కొద్దిగా ఎర్రటి రక్తం వాంతి అయితే మాత్రం "కొంచెమే కదా" అనుకోవద్దు. అన్నవాహిక పక్కనే బృహద్ధమని ఉంటుంది. ముల్లు అటు గుచ్చుకుంటే మొదట కొంచెం రక్తం వచ్చి ఆగి, తర్వాత ఒక్కసారిగా ప్రాణం తీసేంత రక్తం పోవచ్చు. అరుదే, కానీ ఆ మధ్యలో దొరికే సమయమే మనకున్న అవకాశం. ముల్లు తీయించకుండా ఇంట్లోనే ఊరుకున్నవాళ్లకీ ఇదే వర్తిస్తుంది.

తొమ్మిదో మెట్టు: ఎందుకు అడ్డం పడింది?

ఈ మెట్టు దగ్గరే చాలా కుటుంబాలు ఆగిపోతాయి. ముక్క పోయింది, కథ ముగిసింది అనుకుంటారు. చేపముల్లు ఎవరికైనా గుచ్చుకుంటుంది. కానీ మెత్తటి మాంసం ముక్కో అన్నం ముద్దో ఆగిందంటే అక్కడ దారి ఇరుకైందేమో చూడాలి. అలా వచ్చినవాళ్లలో ఎక్కువమందికి అన్నవాహికలో ముందే ఏదో ఒక లోపం ఉంటుంది. ఏళ్ల తరబడి పైకి తన్నే యాసిడ్ వల్ల మచ్చకట్టి సన్నబడటం, కింది చివర పల్చటి ఉంగరం లాంటి పొర ఏర్పడటం, కింది కండరం తెరుచుకోకపోవడం, ఒక రకం ఎలర్జీ వాపు, కొందరికి క్యాన్సర్. డిశ్చార్జి కాగితంలో లోపల ఏం కనపడిందని రాశారో చదివించుకోండి. "అన్నవాహిక గోడ నుంచి చిన్న ముక్క పరీక్షకు (బయాప్సీకి) తీశారా, మళ్లీ ఎండోస్కోపీ ఎప్పుడు?" అని అడిగి తేదీ తీసుకోండి.

మన వైపు ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం. చుట్ట, గుడాకు, ఖైనీ, సారా మన పెద్దవాళ్లలో మామూలు. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లు శ్రీకాకుళం, గంజాం పల్లెల్లో ఉన్నారు. దాని దెబ్బ మొదట అంగిలి మీద పడుతుందని అందరికీ తెలుసు, కానీ పొగాకు, సారా కలిస్తే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. మొదట మాంసం, తర్వాత అన్నం, ఆ తర్వాత జావ కూడా దిగడం కష్టమవుతూ, బరువు తగ్గుతుంటే అది ముసలితనం కాదు. అడ్డం పడే దాకా ఆగకుండా అప్పుడే ఎండోస్కోపీ చేయించండి.

పదో మెట్టు: ఇంట్లో మార్చుకోవాల్సినవి

పళ్ల సెట్టు వదులైతే దంతవైద్యుడి దగ్గర బిగింపించాలి. దారంతో కట్టుకోవడం, ఇంట్లో ఫెవిక్విక్‌తో అంటించడం వద్దు. ఒకటి రెండు పళ్లే ఉన్న చిన్న సెట్టు పెద్ద సెట్టుకన్నా ప్రమాదం, సులువుగా జారిపోతుంది. రాత్రి తీసి నీళ్ల గ్లాసులో వెయ్యడం తప్పనిసరి. పై సెట్టు అంగిలిని కప్పేస్తుంది కాబట్టి ముల్లు నోట్లో ఉన్నా నాలుకకు అందదు. సెట్టు పెట్టుకునే మనిషికి చేప వలిచి పెట్టాల్సిందే.

తినే విషయంలో పఖాళ గురించి చెప్పాలి. నీళ్లన్నంలో ఎండుచేప నంజుకుంటూ జుర్రుకుంటే ముల్లు నీళ్లతో పాటు నమలకుండానే దిగిపోతుంది. చేప విడిగా, ముళ్లు తీసి, ముందు తిని తర్వాత పఖాళ తాగడం మంచిది. కార్తీకమంతా నీచు మానేసి, కార్తీక పౌర్ణమి మర్నాడు వచ్చే ఛాడఖాయి నాడు ఒక్కసారిగా వేటమాంసం, చేప వండుకుంటాం. కనుమ నాడూ అంతే. పెద్దవాళ్ల కంచంలోకి వెళ్లే ముక్కలు చిన్నవిగా, మెత్తగా ఉడికినవిగా, ఎముక లేనివిగా వేరే గిన్నెలో తీసి పెట్టండి. నల్లి ఎముక కావాలని అడుగుతారు, మీరు చీల్చి గుజ్జు తీసివ్వండి.

మలబద్ధకానికి వాడే ఇసబ్‌గోల్ గురించి ఎవరూ చెప్పరు. పొడిని నోట్లో పోసుకుని గుక్కెడు నీళ్లు తాగితే అది గొంతు దిగకుండానే ఉబ్బి జిగురు ముద్దై అన్నవాహికను మూసేస్తుంది. పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగాలి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి, పడుకునే ముందు తీసుకోకూడదు. మింగడం ముందే కష్టంగా ఉన్నవాళ్లకి ఇది అసలు వద్దు, డాక్టరును వేరే మందు అడగండి.

మాత్రల షీట్‌ను ఒక్కో మాత్రగా కత్తిరించి డబ్బాలో వెయ్యడం కొన్ని ఇళ్లలో సదుపాయం. చూపు తగ్గినవాళ్లు రేకుతో సహా మింగేది ఇలాగే, ఆ రేకు మూలలు కత్తిలా ఉంటాయి. మందుల దుకాణంలో కత్తిరించి ఇచ్చినా ఇంటికి తెచ్చాక రేకు విప్పి ఆ పూట మాత్రలు మాత్రమే చేతికివ్వండి. ఎముకల బలానికి ఇచ్చే అలెండ్రోనేట్, పొటాషియం మాత్రలు, డాక్సీసైక్లిన్ అన్నవాహికలో ఆగితే పుండు చేస్తాయి. ఇలాంటివి నిండు గ్లాసు నీళ్లతో, కూర్చునో నిలబడో వేసుకుని, కనీసం అరగంట పడుకోకుండా ఉండాలి. పెద్ద మాత్ర మింగలేకపోతే పొడి చేసే ముందు దుకాణంలో అడగండి, కొన్ని మాత్రలు విరగ్గొట్టకూడదు. చాలావాటికి సిరప్‌గానో చిన్న మాత్రగానో వేరే రూపం దొరుకుతుంది.